కీళ్లు చూసి కొనాల్సిన సైకిలు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటితే మారిన్ కౌంటీ. అక్కడ ఫెయిర్‌ఫ్యాక్స్ అనే చిన్న ఊరి దగ్గర కొండ మీంచి నిట్టనిలువుగా దిగే మట్టిబాట ఒకటుంది. 1976 అక్టోబరులో కొందరు కుర్రాళ్లు పాత, బరువైన సైకిళ్లను పైకి చేర్చి, ఆ బాటలో కిందికి పందెం వేసుకున్నారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే ఆ సైకిళ్ల బ్రేకులు దిగుడులో కాగిపోయేవి. చక్రం మధ్య హబ్‌లోని గ్రీజు పొగైపోయేది. ఒక్కసారి దిగితే చాలు, హబ్ విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సిందే. ఆ పనిని బట్టే బాటకు ‘రీప్యాక్’ అని పేరు పడింది. అంటే మౌంటెన్ బైకింగ్ వెన్నంటే ఓవర్‌హాలింగ్ కూడా వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే జో బ్రీజ్ కొండదారుల కోసం ప్రత్యేకంగా ఫ్రేమ్ కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను ఫ్యాక్టరీలో పెద్దఎత్తున చేయించి షాపులకు పంపింది. 1989లో రాక్‌షాక్స్ ఆర్‌ఎస్-1 ఫోర్క్ వచ్చి ముందు చక్రానికి కుదుపు తగ్గించింది. వెనక చక్రానికీ షాకర్ పెట్టి, ఫ్రేమ్ వెనక భాగం మొత్తం పైకీ కిందికీ ఆడేలా చేసిన ఫుల్ సస్పెన్షన్ సైకిలు 1990ల్లో నిలదొక్కుకుంది.

ఈ కథంతా నడిచిన నేలకు దగ్గర్లోనే ఇవాళ ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోసేల్లో ఎన్నో తెలుగు కుటుంబాలున్నాయి. స్పెషలైజ్డ్ ప్రధాన కార్యాలయం ఉన్న మోర్గన్ హిల్ శాన్‌హోసేకి ఆనుకున్నట్టే ఉంటుంది. కొండ దాటితే శాంటా క్రూజ్, దాని పక్కనే సోకెల్ డెమో ఫారెస్ట్ బాటలు. ఆఫీసు మిత్రుడి వెంట ఒక శనివారం అద్దె సైకిలు మీద ఆ అడవికి వెళ్లొచ్చిన కుర్రాడికి సోమవారానికల్లా సొంత సైకిలు మీద మనసు పడుతుంది. షాపులో ధర అడిగితే నికరమైన కొత్త ఫుల్ సస్పెన్షన్ సుమారు 2,000 డాలర్ల దగ్గర మొదలవుతుంది. కాస్త మంచిదంటే నాలుగైదు వేలు. చేతిలో ఉన్నది 1,200. ఇక మిగిలింది సెకండ్ హ్యాండే.

అందులో తప్పేమీ లేదు. ఆరేడేళ్ల కిందట మూడు వేల డాలర్లకు పైగా పలికిన సైకిళ్లు ఇప్పుడు వెయ్యి డాలర్లకు అటూఇటుగా దొరుకుతున్నాయి. అయితే ఆ 1,200లో సైకిలుకు పెట్టాల్సింది 900 దాకానే. మిగతా 300 రిపేరు ఖర్చుకని ముందే పక్కన పెట్టాలి. ఎదురుగా ఎంత మెరిసే సైకిలున్నా ఈ లెక్క మార్చకూడదు.

ఎందుకంటే ఫుల్ సస్పెన్షన్‌లో కదిలే భాగాలు ఎక్కువ. ముందు ఫోర్క్‌లోనూ వెనక షాకర్‌లోనూ ఒత్తిడితో గాలి, దాన్ని అదుపులో పెట్టే నూనె, రెంటినీ బయటికి పోనివ్వని రబ్బరు సీళ్లు ఉంటాయి. వెనక ఫ్రేమ్ నాలుగైదు చోట్ల బేరింగుల మీద తిరుగుతుంది. వీటన్నిటికీ గడువులున్నాయి. రాక్‌షాక్స్ తన ఫోర్కుల్లో చాలావాటికి 50 గంటల సవారీకి ఒకసారి కింది కాళ్లు విప్పి నూనె మార్చమంటుంది, 200 గంటలకు ఊగుడును అదుపుచేసే డ్యాంపర్‌ను సర్వీసు చేయమంటుంది. వారానికి మూడు గంటలు తొక్కే మనిషికి 50 గంటలంటే నాలుగు నెలలు. ఆ లెక్కన మూడేళ్లు తిరిగిన సైకిలుకు ఎనిమిది, తొమ్మిదిసార్లు నూనె మారి ఉండాలి. అందుకే అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. “ఫోర్క్, షాక్ చివరిసారి ఎప్పుడు సర్వీస్ చేయించారండీ? రసీదు ఉందా?” అని అడగాలి. తేదీ చెప్పి రసీదు చూపిస్తే ఆ సైకిలుకు ఒక యాభై డాలర్లు ఎక్కువిచ్చినా నష్టం లేదు. “సర్వీసు అవసరమే పడలేదు, వెన్నలా నడుస్తోంది” అంటే మాత్రం 300 డాలర్ల సర్వీసు కొనేవాడి నెత్తిన పడబోతోందని అర్థం.

ఇక ఏ ఏడాది మోడల్ వెతకాలి? 2017 నుంచి 2020 దాకా వచ్చినవి ఈ బడ్జెట్‌కు సరిగ్గా సరిపోతాయి. అంతకన్నా పాతవైతే చవకే గానీ విడిభాగాల దగ్గర చిక్కొస్తుంది. ఒకప్పుడు కొండ సైకిలంటే 26 అంగుళాల చక్రమే. 2013, 2014 నాటికి 27.5, 29 అంగుళాల చక్రాలు దాన్ని పక్కకు నెట్టేశాయి. ఇప్పుడు 26కు మంచి ఫోర్కు, మంచి టైరు కావాలంటే ఏరుకోవడానికి పెద్దగా ఏమీ ఉండవు. 2015 ప్రాంతంలో ‘బూస్ట్’ కొలత వచ్చి ముందు ఇరుసు 110 మిల్లీమీటర్లకు, వెనకది 148కి వెడల్పయ్యాయి. పాత కొలత హబ్ పోతే వెతుక్కోవాలి, బూస్ట్ అయితే ఏ షాపులోనైనా దొరుకుతుంది. ముందు ఒకే పళ్లచక్రం, వెనక 11 లేదా 12 గేర్లు, బొటనవేలితో మీట నొక్కితే సీటు కిందికి దిగే డ్రాపర్ పోస్టు కూడా ఆ ఏళ్లకల్లా మధ్యతరగతి మోడళ్లకు వచ్చేశాయి. హ్యాండిల్ కిందుండే హెడ్ ట్యూబ్ వాలు పెరిగి, నిటారు దిగుడుల్లో సైకిలు ముందుకు తూలే భయం తగ్గింది. ఇలాంటి ఫ్రేమ్ డిజైన్‌ను తర్వాత ఎంత డబ్బు పోసినా పాత ఫ్రేమ్‌కు తగిలించలేం.

పేరున్న మోడళ్లలోనూ కొన్నింటి దగ్గర ఆగి ఆలోచించాలి. కానన్‌డేల్ లెఫ్టీ ఫోర్కుకు ఒకటే కాలు. స్పెషలైజ్డ్ మోడళ్లు కొన్నింటిలో ‘బ్రెయిన్’ అనే ప్రత్యేకమైన షాకర్ ఉంటుంది, మరికొన్నింటిలో షాకర్‌ను ఫ్రేమ్‌కు కలిపే ముక్క ఆ కంపెనీదే అయ్యుండాలి. ఇంజినీరింగ్‌గా ఇవి గొప్పవే, కొత్తలో కొన్నవాళ్లు హాయిగా తొక్కారు. కానీ ఏడేళ్ల తర్వాత షాకర్ చెడితే మార్కెట్లో దొరికే మామూలు షాకర్ దానికి అమరదు. తక్కువ బడ్జెట్‌తో కొనేవారు ముందు తమ ఊరి మెకానిక్‌కు ఫోన్ చేసి, ఆ భాగం మీద చేయి వేస్తారో లేదో కనుక్కోవాలి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు వెంట తడిగుడ్డ, 12 అంగుళాల స్కేలు, అలెన్ కీలు, షాక్ పంపు ఉంటే చాలు. సైకిలును పగటి వెలుగులోనే చూడాలి. ముందు గుడ్డతో ఫోర్కు పై కాళ్లను తుడిచి, గోరుతో పైనుంచి కిందికి రాయాలి. రంగు తేడా కనిపించినా గోరుకు ఏమీ తగలకపోతే ఫర్వాలేదు. గోరు ఎక్కడైనా టక్కున ఆగిందంటే ఆ గీత సీలును కోస్తూ నూనెను బయటికి లాగుతుంది. అలా కాళ్ల మీది పూత పోతే కాళ్లు మార్చాల్సిందే, దాని ఖర్చు చాలాసార్లు పాత ఫోర్కు విలువను మించిపోతుంది. తర్వాత ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్‌ను గట్టిగా ముందుకు తోసి చూడాలి. కాళ్లు కలిసే పై భాగంలో కిర్రుమంటే అక్కడి బిగువు సడలిందన్నమాట. ఆ చప్పుడు గ్రీజుతో పోదు.

వెనక భాగం దగ్గరే అసలు పని. పివట్లంటే సైకిలుకు కీళ్లు, వయసంతా ముందు అక్కడే బయటపడుతుంది. సీటు పట్టుకుని సైకిలును మెల్లగా పైకెత్తాలి. చక్రం నేల విడిచేలోపు ‘టక్’మని చిన్న వదులు తగిలితే షాకర్ బుషింగో, పివట్ బేరింగో అరిగింది. ఏదో తేల్చుకోవాలంటే ఒక చేత్తో వెనక చక్రాన్ని అటూఇటూ ఊపుతూ, రెండో చేతి వేలిని ఒక్కో కీలు అతుకు మీద ఉంచాలి. వదులు ఎక్కడుందో వేలికే తెలిసిపోతుంది. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే షాకర్ బోల్టు ఒకటి తీసి వెనక ఫ్రేమ్‌ను చేత్తో పైకీ కిందికీ ఆడించడం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. బేరింగులు బాగుంటే జారినట్టు కదులుతుంది, తుప్పు పట్టి ఉంటే గరగరమంటూ మధ్యలో పట్టేస్తుంది. బేరింగుల సెట్టు, మార్చే కూలి కలిపి వంద నుంచి రెండొందల డాలర్లవుతుంది. అది సైకిలును వదులుకోవాల్సిన లోపం కాదు, ధర తగ్గించమని అడగాల్సిన లోపం.

వదులుకోవాల్సిన లోపం పగులు. అల్యూమినియం ఫ్రేమ్‌లో హెడ్ ట్యూబ్ కింద, సీటు కడ్డీకి పై కడ్డీ అతికిన చోట, పివట్ల దగ్గరి వెల్డింగుల పక్కన బురద తుడిచి చూడాలి. గీరుడు పైపైన, వెడల్పుగా ఉంటుంది. పగులు వెంట్రుకంత సన్నగా, వెల్డింగు అంచు వెంబడే సాగుతుంది. లోపల మురికి పట్టి నల్లగా కనిపిస్తుంది. “వెల్డింగ్ చేయించాం, ఇప్పుడు గట్టిగా ఉంది” అన్న మాటకు లొంగకూడదు. సైకిళ్లలో ఎక్కువగా వాడే 6061 అల్యూమినియానికి బలం వచ్చేది వేడితో చేసే శుద్ధి వల్ల. మళ్లీ వెల్డింగు చేసిన చోట ఆ బలం పోతుంది. కార్బన్ ఫ్రేమ్‌ను నాణెంతో తట్టి వినాలి. ఖంగుమనే శబ్దం ఒకచోట మొద్దుబారితే లోపల పొరలు విడిపోయాయన్న అనుమానం పెట్టుకోవాలి. ఫ్రేమ్‌కు జీవితకాలం వారంటీ ఉందన్న మాట నిజమే కావచ్చు గానీ, చాలా కంపెనీలు దాన్ని మొదట కొన్నవారికే ఇస్తాయి.

చైనును స్కేలుతో కొలవడం నిమిషం పని. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి 24 ముక్కలు లెక్కపెడితే కచ్చితంగా 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు. అది అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే వెనక గేర్ల పళ్లు కూడా తిని ఉంటుంది. షిమానో బ్రేకు డిస్కుల మీద కనీస మందం 1.5 మిల్లీమీటర్లని ముద్రించే ఉంటుంది. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, గ్రిప్పులు ఎలాగూ అరిగేవే. వాటిని లెక్కలో వేసుకుని ముందుకు సాగాలి.

ఈ లెక్క రెండు సైకిళ్ల మధ్య ఎలా తేలుతుందో చూద్దాం. ఒకటి 750 డాలర్లు. రంగు మెరుస్తోంది, సర్వీసు రసీదులు లేవు, వెనక వదులుంది, చైను సాగింది. ఫోర్కు, షాకర్ సర్వీసుకు సుమారు 300, బేరింగులకు 150, చైను, గేర్లకు 150, టైర్లకు 120 కలిపితే 1,470. రెండోది 900 డాలర్లు. ఫ్రేమ్ నిండా గీరుళ్లు, కానీ ఆర్నెల్ల కిందటి సర్వీసు రసీదుంది, కీళ్లు బిగువుగా ఉన్నాయి. టైర్లు, ప్యాడ్లు మార్చినా 1,060 దగ్గర ఆగుతుంది. 1,200 ఉన్నవాడు కొనగలిగింది రెండోదే. చవకగా కనిపించిన మొదటిది వాడి శక్తికి మించిన సైకిలు.

బేరానికి ముందు కొత్త సైకిళ్ల తగ్గింపు ధరలు కూడా ఒకసారి చూడాలి. కరోనా కాలంలో సైకిళ్లు దొరక్క ధరలు ఆకాశానికెక్కాయి. ఆ తర్వాత గోదాములు నిండిపోయి 2023 నుంచి కంపెనీలే భారీగా తగ్గించి అమ్మాయి. కరోనా రోజుల్లో ఎక్కువ పెట్టి కొన్నవాళ్లు ఆ ధరనే గుర్తుపెట్టుకుని చెబుతుంటారు. వాళ్ల బాధ నిజమే, కానీ దాన్ని కొనేవాడు మోయాల్సిన పనిలేదు.

మరొక్క పని తప్పనిసరి. పెడళ్ల ఇరుసు కింద ఫ్రేమ్ మీద చెక్కిన సీరియల్ నంబరును బైక్ ఇండెక్స్, 529 గ్యారేజ్ రిజిస్ట్రీల్లో వెతకాలి. బే ఏరియాలో సైకిలు దొంగతనాలు ఎక్కువ. నంబరు గీకేసి ఉన్నా, అమ్మేవాళ్లు చూపించడానికి తటపటాయించినా అక్కడితో ఆపేయాలి. ఎవరో ఇష్టపడి కొనుక్కుని పోగొట్టుకున్న సైకిలును తక్కువకు దొరికిందని ఇంటికి తెచ్చుకోవడం అన్యాయం.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇదే కోరికతో ఉన్నవారికి దారి వేరు. ఇక్కడ డబుల్ షాకర్ సైకిలు పేరుతో పది, పదిహేను వేల రూపాయలకు దొరికే వాటిలో చాలావరకు వెనక ఉట్టి స్ప్రింగే, దాన్ని అదుపు చేసే నూనె డ్యాంపర్ ఉండదు. తొక్కిన బలంలో కొంత ఊగడానికే పోతుంది, బరువు అదనం. అదే డబ్బుకు ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మంచి సెకండ్ హ్యాండ్ సైకిలు తీసుకుంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో అంతకన్నా హాయిగా తిరగొచ్చు. అమెరికా నుంచి తిరిగొస్తూ ఫుల్ సస్పెన్షన్ వెంట తెచ్చుకునేవారు సీల్ కిట్లు, పివట్ బేరింగులు, గేరు మార్చే డిరెయిలర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే, ఆ మోడల్‌కే సరిపోయే హ్యాంగర్లు రెండు పెట్టెలో సర్దుకుంటే తర్వాత నెలల తరబడి ఎదురుచూడాల్సిన పని తప్పుతుంది.

సైకిలు ఇంటికొచ్చాక మొదటి వారం కొండెక్కే తొందర వద్దు. బ్యాగు, హెల్మెట్ పెట్టుకుని సైకిలెక్కి, వెనక షాకర్ తన మొత్తం కదలికలో 25 నుంచి 30 శాతం కుంగేలా గాలి సరిచేయాలి. పివట్ బోల్టులను టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలతకు బిగించాలి. ట్యూబ్‌లెస్ టైర్లలో ఎండిన సీలెంట్ తీసి కొత్తది పోయాలి. గాలి ఒత్తిడి ఎంత, నూనె ఎప్పుడు మారింది, అప్పటినుంచి ఎన్ని గంటలు తిరిగింది అన్నవి ఫోన్‌లో రాసుకోవాలి. నాలుగేళ్ల తర్వాత ఆ సైకిలును అమ్మకానికి పెట్టినప్పుడు, 1,200 డాలర్లు జేబులో వేసుకుని మరో కుర్రాడు వచ్చి చివరి సర్వీసు ఎప్పుడని అడిగితే, తేదీ చెప్పి రసీదు చేతిలో పెట్టొచ్చు.