దాత దేహాన్ని చల్లబరచుట: ఒక పరిశోధనా పత్రంపై విమర్శ

మరణించిన వ్యక్తి నుంచి తీసి అమర్చిన మూత్రపిండం వెంటనే పనిచేయడం ఆరంభిస్తుందని చెప్పడానికి వీలులేదు. కొన్ని దినాలు అది నిద్రాణంగా ఉండిపోవచ్చు. అంతవరకు గ్రహీతకు యంత్రసహాయంతో రక్తశుద్ధి, అనగా డయాలిసిస్, జరుపవలసి ఉంటుంది. ఈ జాప్యానికి బీజం దాత దేహంలోనే పడవచ్చును. మెదడు మరణించిన పిమ్మట రక్తపుపోటు నిలకడ తప్పుతుంది. నీటిని దేహంలో నిలిపే హార్మోను లోపిస్తుంది. శరీరోష్ణతను కాపాడుకొనే శక్తి నశిస్తుంది. కనుక అవయవాలను తీసేవరకు దాతకు జరిపే పరిచర్య, గ్రహీతకు జరిపే చికిత్సలో తొలిభాగమే.

క్లాస్ నీమన్ ప్రభృతులు 2015లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ప్రకటించిన పత్రం ఈ విషయాన్నే పరీక్షించినది. అమెరికాలో మెదడు మరణించిన 370 మంది దాతలను చీట్లు వేసినట్లుగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గాన్ని 34–35 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, రెండవదానిని 36.5–37.5 డిగ్రీల వద్ద ఉంచారు. మొదటి వారంలో డయాలిసిస్ అవసరమైన గ్రహీతలు చల్లబరచిన వర్గంలో 280 మందికి 79 మంది (28 శాతం). రెండవ వర్గంలో 286 మందికి 112 మంది (39 శాతం). అనగా సుమారు తొమ్మిది మంది గ్రహీతలలో ఒకరికి జాప్యం తప్పినది. ఇంత లాభం కొత్త మందుతో కాక, రెండు మూడు డిగ్రీల చలువతో సిద్ధించడం విశేషం.

అయినను మూడు విషయాలు గమనించాలి. మొదటిది, ఫలితం అనుకూలంగా కనిపించినందున ప్రయోగాన్ని గడువుకు ముందే ఆపివేశారు. అట్లా ఆపిన ప్రయోగాలలో ప్రయోజనం ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉన్నది. రెండవది, డయాలిసిస్ చేయాలా వద్దా అన్నది వైద్యుని నిర్ణయం. ఉష్ణమాపకం చూపే అంకె వంటి నిక్కచ్చి కొలత కాదు. మూడవది, మొదటి వారం సుఖంగా గడిచినంత మాత్రాన మూత్రపిండం ఏండ్ల తరబడి నిలుస్తుందని రుజువు కాదు.

2023లో అదే పత్రికలో డారెన్ మాలినోస్కీ ప్రభృతులు మరొక ప్రయోగాన్ని ప్రకటించారు. అందులో చలువను, తీసిన మూత్రపిండం గుండా చల్లని ద్రావణాన్ని ప్రవహింపజేసే యంత్రంతో పోల్చారు. జాప్యం చలువ వర్గంలో 30 శాతం, యంత్ర వర్గంలో 19 శాతం, రెండూ కలిపిన వర్గంలో 22 శాతం. యంత్రమే మెరుగైనది, దానికి చలువను జోడించినా అదనపు లాభం కలుగలేదు.

ఇంతమాత్రాన చలువ నిష్ఫలమని తేల్చరాదు. రెండింటిలో ఏదీ చేయని వర్గం ఈ రెండవ ప్రయోగంలో లేదు. కనుక యంత్రం లభించని చోట మొదటి పత్రానికి విలువ తగ్గలేదు. ఒక చికిత్స మేలైనదని చదివినప్పుడెల్లా, "దేనికంటె మేలు?" అని ప్రశ్నించడం విద్యార్థులు ఈ రెండు పత్రాల నుంచి నేర్వదగిన పాఠం.