మిల్లు గదిలో మనిషి, ఖగారియాలో ఇల్లు

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బస్తా దించేవాడు, నెట్టు కట్టేవాడు, బాయిలర్ కింద ఊక ఎగదోసేవాడు ఇప్పుడు ఎక్కువగా బిహారీ. కోదాడ చుట్టుపక్కల మిల్లుల్లోనూ అంతే. మేళ్లచెరువు, మట్టంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల్లో వాళ్లకు ఒడిశా, ఉత్తరప్రదేశ్ వాళ్లు తోడవుతారు. సూర్యాపేట మార్కెట్ యార్డు హమాలీ మాత్రం చాలావరకు ఇంకా స్థానికుడే. పొద్దున చద్ది తిని వచ్చి రాత్రికి ఇల్లు చేరతాడు. యార్డు హమాలీకీ మిల్లు హమాలీకీ ఉన్న అసలు తేడా బరువులో లేదు, ఇల్లు చేరడంలో ఉంది.

యాసంగి వడ్లు రోడ్డెక్కితే చాలు, టీకొట్ల దగ్గర ఒక మాట మొదలవుతుంది: మనోళ్లకు ఒళ్లు బరువెక్కింది, అందుకే బిహారోళ్లు వచ్చారు. ఈ వారమూ అదే వినపడింది. ఈ కాలమ్‌కు ఈ మాటంటే పాత చిరాకు. మిల్లు పనిని దగ్గర నుంచి చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి, వడ్ల వెంట మిల్లులు వచ్చాయి. మొదట్లో మిల్లు కూలీ చుట్టుపక్కల పల్లెల మనిషే. మిల్లులు పెరిగి, ఉప్పుడు బియ్యం పట్టడం పెద్ద వ్యాపారమయ్యాక లెక్క మారింది. వడ్లు నానబెట్టాలి, ఆవిరికి ఉడకబెట్టాలి, డ్రయ్యర్‌లో ఆరబెట్టాలి, తర్వాతే మర. సీజన్‌లో ఈ వరుస రాత్రీ పగలూ ఆగదు. కోత మిషన్ నుంచి పచ్చి వడ్లు నేరుగా ట్రాక్టర్లలో వస్తాయి, వేములపల్లి రోడ్డు మీద బారులు తీరతాయి. పచ్చి వడ్లు ఆగితే రంగు మారతాయి. రంగు మారితే రైతుకు ధర పోతుంది. అప్పుడు మిల్లుకు కావలసింది పిలిస్తే వచ్చే కూలీ కాదు, గేటు లోపలే పడుకునే కూలీ.

ఆ పని ఇలా ఉంటుంది. లారీ తలుపు దించి, నేలకు ఏటవాలుగా చెక్క బల్ల వేస్తారు. పైన ఇద్దరు బస్తాను కొక్కెంతో లాగి కింది మనిషి మెడ మీదికి వాలుస్తారు. కొనుగోలు కేంద్రం బస్తాలో వడ్లు 40 కిలోలు, బియ్యం బస్తా అయితే 50. తలకు చుట్టిన తువ్వాల మీద బరువు సర్దుకుని అతను బల్ల దిగి, గోదాములో నెట్టు మెట్లు ఎక్కి, వరుస చెడకుండా పడేసి వస్తాడు. నెట్టు పెరిగేకొద్దీ ఎక్కే ఎత్తూ పెరుగుతుంది, బస్తా రేటు మాత్రం పెరగదు. చెమటకు దుమ్ము అంటి మెడ మీద దురద లేస్తుంది. కూలి బస్తా లెక్కన ముఠాకు వస్తుంది, ముఠా పంచుకుంటుంది. జబ్బు పడ్డ రోజు వాటా ఉండదు.

రాత్రికి మిల్లు ఆవరణలోనే గది. వంట ఒకరిది. దండెం మీద బట్టలు, గోడ మేకుకు సంచి. భార్య, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు బిహార్‌లో, ఖగారియాలోనో దర్భంగాలోనో. సంసారం ఫోన్‌లో నడుస్తుంది. పిల్లవాడి ఫీజు, అప్పు వడ్డీ, గేదె ఈనిందా లేదా అన్నీ అందులోనే. ఏడాదికి రెండుసార్లు అతను బిహార్ వెళ్తాడు, హోళీకి ఒకసారి, దీపావళి దాటిన ఆరో రోజు వచ్చే ఛఠ్‌కు ఒకసారి. ఛఠ్ సరిగ్గా వానాకాలం వడ్లు ముంచుకొచ్చే రోజుల్లో పడుతుంది. మిల్లు యజమానులు పంచాంగంలో ముందు వెతికేది ఆ తేదీనే.

2020 మార్చిలో హోళీకి వెళ్లినవాళ్లు లాక్‌డౌన్‌తో అక్కడే చిక్కుకుపోయారు. దేశమంతా వలస కూలీలు ఇళ్లకు నడుస్తున్నారు. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. వారం తిరిగేసరికి, మే 8న, ఖగారియా నుంచి రెండు వందల మందికి పైగా కూలీలతో ఒక రైలు అదే లింగంపల్లికి ఎదురొచ్చింది. తెలంగాణ మిల్లుల కోసం వచ్చిన రైలు అది. మంత్రి స్టేషన్‌కు వెళ్లి స్వాగతం పలికారు. హమాలీకి మంత్రి ఎదురెళ్లడం అంతకుముందు ఎవరూ ఎరగరు.

ఇక్కడ పాత నల్లగొండ జిల్లా తన సొంత వలసను గుర్తు తెచ్చుకోవాలి. మగ్గం తిండి పెట్టని కాలంలో నల్లగొండ, కరీంనగర్, వరంగల్ పద్మశాలీలు షోలాపూర్, బొంబాయి, తర్వాత భివండీ దారి పట్టారు. షోలాపూర్‌లో మిల్లులు 1870ల నుంచే ఉన్నాయి. మగవాడికి మిల్లులో ఏడాది పొడుగునా పని దొరికింది. అదొక్కటే అయితే కథ మిర్యాలగూడ కథలాగే ఉండేది. ఆడవాళ్లకు బీడీ పని దొరకడం దాన్ని మార్చింది. తునికాకు ఇంటికి తెచ్చుకుని, చాటలో పెట్టుకుని, గడప దగ్గర కూర్చుని చుట్టుకునే పని. చంటిపిల్ల ఒళ్లోనే ఉంటుంది. దాంతో సంసారం కదిలింది. సంసారం వెంట తెలుగు బడి, మార్కండేయ గుడి, శ్రావణ పౌర్ణమి రథోత్సవం వచ్చాయి. మరాఠీ కలిసిన ఒక తెలుగు పుట్టింది. ఆ తెలుగువాళ్లలోంచే 1980, 1984 ఎన్నికల్లో గంగాధర్ కూచన్, 1989, 1991లో ధర్మణ్ణ సాదుల్ షోలాపూర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. సీపీఎం నాయకుడు నర్సయ్య ఆడం మూడుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. ఆయన పూనికతో షోలాపూర్ దగ్గర కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరిట పదివేల ఇళ్లు లేచాయి. 2024 జనవరిలో అక్కడే రేనగర్‌లో మరో పదిహేను వేల ఇళ్ల తాళాలు అందాయి. కుంభారి ఇళ్లు మిల్లు మగవాడి లెక్కలో వచ్చినవి కావు, బీడీ చుట్టిన ఆడవాళ్ల లెక్కలో వచ్చినవి.

భివండీ ఇంత దయగా లేదు. 1982 జనవరిలో దత్తా సామంత్ పిలుపుతో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె తర్వాత పని భివండీ పవర్‌లూమ్‌లకు జారింది. పన్నెండు గంటల షిఫ్టు, సాంచెల పక్కనే పడక, బిస్సీ అనే మెస్సులో నెల లెక్కన అన్నం. సంసారంతో పద్మానగర్‌లో స్థిరపడ్డవాళ్లు సాంచెలు మూతపడ్డప్పుడు అటూ ఇటూ కాకుండా పోయారు. ఒంటరిగా ఉన్నవాడు సంచి సర్దుకుని నల్లగొండ బస్సెక్కాడు.

మనిషి ఒకచోట, ఇల్లు ఒకచోట అన్న ఇదే ముడి జర్మనీలోనూ పడింది. 1961 అక్టోబర్‌లో టర్కీతో ఒప్పందం చేసుకున్నప్పుడు పశ్చిమ జర్మనీ కోరుకున్నది రెండేళ్లు పనిచేసి వెళ్లిపోయే ఒంటరి మగవాణ్ని. ఫ్యాక్టరీ హాస్టల్లో మంచాలు కూడా ఆ లెక్కకే వేశారు. 1973 నవంబర్‌లో చమురు ధరల దెబ్బకు కొత్త కూలీల రాక ఆపేశారు. ఇక సంఖ్య తగ్గుతుందనుకున్నారు. జరిగింది తలకిందులు. ఒకసారి ఊరెళ్తే మళ్లీ రానివ్వరని తెలిసినవాడు వెళ్లడం మానేసి, భార్యాబిడ్డల్నే పిలిపించుకున్నాడు. దారి మూసుకున్నాక ఇల్లు కదిలింది.

మిల్లు కూలీలకు సంసారం ఉండే క్వార్టర్లు కట్టాలన్నది ఈ కాలమ్ ఎన్నాళ్లుగానో పాడుతున్న పాట. షోలాపూర్‌నూ జర్మనీనీ పక్కన పెట్టుకుని చూస్తే ఆ పాటలో శ్రుతి తప్పింది. ఖగారియా దారి తెరిచే ఉంది, రైలు టికెట్టు చాలు. పని ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు, రెండు పంటల చుట్టూ ఎగసి పడుతుంది. భార్య వస్తే చేయడానికి ఇక్కడ బీడీ లాంటి పని లేదు. వరి నాట్లకు కూడా ఇప్పుడు బిహార్, బెంగాల్ నుంచి మగవాళ్ల ముఠాలే ఎకరా గుత్తకు దిగుతున్నాయి. అలాంటప్పుడు క్వార్టర్లు కట్టినా అందులో ఉండేది మళ్లీ ఆరుగురు మగవాళ్లే. ఇల్లు బిహార్‌లో ఉంచడం అతని అమాయకత్వం కాదు, లెక్క. మిల్లు ఆగిన రోజు తిరిగి వెళ్లే చోటు అదే. కాబట్టి ముందు అడగవలసింది క్వార్టర్లు కాదు, గేటు లోపల బతుకు సంగతి: జబ్బు రోజుకు కూలి, మెడకూ మోకాలికీ వైద్యం, ఛఠ్ సెలవు.

చట్టం కూడా అతను తిరిగి వెళ్తాడనే రాసుకుంది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణ ఖర్చుతో పాటు, ఇల్లు వదిలి వచ్చినందుకు నెల జీతంలో సగం భత్యంగా ఇమ్మంది. ఆ చట్టాన్ని కలిపేసుకుని 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ భత్యం లేదు. సొంతూరికి పోయి రావడానికి చార్జీ యజమాని ఇవ్వాలన్నది మిగిలింది. కూలీలను తెచ్చే మేస్త్రీ ద్వారా కాకుండా తనంతట తాను వచ్చినవాడినీ వలస కార్మికుడిగా గుర్తించడం మాత్రం కొత్త మేలు. మిర్యాలగూడ మిల్లుల్లో ఆ చార్జీ ఇప్పటికీ చాలాచోట్ల మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సుగానే చేతికొస్తుంది. సీజన్ చివర లెక్క చూసేటప్పుడు కూలిలోంచి కోసుకుంటారు.