గోడ లెక్క

తిరుపతి నుంచి మద్రాసు పోయే దారిలో, పుత్తూరుకు ముందు వస్తుంది వడమాలపేట. అక్కడ మా బావ ఇంటి పంచలో ఒక పదిహేను ఆంపియర్ల ప్లగ్గు, దాని పక్కన అరచేయంత సబ్ మీటరు, మీటరు కింద మేకుకు దారంతో వేలాడే నోటుబుక్కు ఉన్నాయి. వాకిట్లో మామిడిచెట్టు నీడన నెక్సాన్ ఎలక్ట్రిక్ కారు. వచ్చినవాళ్లందరూ కారు చుట్టూ తిరిగి చూసి పోతారు. నా చూపు మాత్రం ఆ మీటరు దగ్గరే ఆగిపోయింది.

"ఎంత ఎక్కిందో కారే చెప్తుంది కదా బావా, ఈ పుస్తకమెందుకు?" అని అడిగాను.

"కారు చెప్పేది దాని కడుపులోకి పోయిన లెక్క. మనం దుడ్లు కట్టేది గోడ పోసిన లెక్కకు" అన్నాడాయన.

ఆ రెండు లెక్కలకూ మధ్య ఎంత తేడా ఉందో పుస్తకంలో ఒక వరస చూస్తే తెలిసింది. ఆ కారు బ్యాటరీ 30.2 యూనిట్లది. ఒక రాత్రి 20 శాతం నుంచి నిండా ఎక్కించాడు. లెక్క ప్రకారం బ్యాటరీలో చేరాల్సింది 24.2 యూనిట్లు. గోడ రీడింగు మాత్రం 27.6 పెరిగింది. మిగతా 3.4 యూనిట్లు వేడిగా మారి పోయాయి. గోడ నుంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చేది కారులోపలి చార్జరు. అక్కడ కొంత, తీగల్లో కొంత, బ్యాటరీ లోపలి నిరోధం వల్ల కొంత, రాత్రంతా మేలుకొని కాపలా కాసే ఎలక్ట్రానిక్సుకు కొంత ఖర్చవుతుంది. ఆ 24.2తో కారు 190 కిలోమీటర్లు తిరిగిందనుకుంటే, కారు తెర కిలోమీటరుకు 127 వాట్ అవర్లంటుంది, గోడ 145 అంటుంది. ఇంటి కరెంటు ధర శ్లాబుల ప్రకారం పెరుగుతుంది కాబట్టి కారు తాగే యూనిట్లు పై శ్లాబులోకే పోయి పడతాయి. ఆ తేడా బిల్లులో చిన్నదేమీ కాదు.

ఆ 3.4 మీటరు తప్పు కాకూడదా అనే అనుమానం నాకూ వచ్చింది. ఇళ్లల్లో ఉండే మీటర్లు మామూలుగా ఒకటో తరగతివి. నూటికి ఒకటి కంటే ఎక్కువ తప్పకూడదని వాటి నియమం. 27.6కు ఒక శాతమంటే 0.28 కూడా కాదు. కాబట్టి ఆ వేడి నిజంగానే పోయిన వేడి.

ఆ ఒక్క శాతాన్ని నిలబెట్టడానికి మీటరు లోపల ఎంత పనితనం ఉందో చూడాలి. కరెంటు పోయే దారిలో మాంగనిన్ అనే మిశ్రలోహపు చిన్న బద్ద ఉంటుంది. రాగి, మాంగనీసు, నికెల్ కలిపి చేసిన లోహమది. ఎండ ముదిరినా, చలి వేసినా దాని నిరోధం దాదాపు మారదు. మే నెలలో ఈ పంచ గోడ చేయి పెట్టనివ్వదు, అయినా ఆ బద్ద తన మాట తప్పదు. కారు పదమూడు ఆంపియర్లు లాగుతుంటే దాని రెండు కొసల మధ్య పుట్టేది వోల్టులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. ఆ కాస్త గుసగుసనే చిప్పు సెకనుకు వేలసార్లు విని, అదే క్షణంలో ఉన్న వోల్టేజీతో గుణించి, కూడుతూ పోతుంది. చాలా మీటర్లు న్యూట్రల్ తీగలో కరెంటును కూడా విడిగా కొలుస్తాయి. రెండూ సరిపోకపోతే ఎక్కడో దొంగదారి పడిందని పట్టేస్తాయి.

బయటికి మాత్రం ఒక ఎర్రలైటే కనిపిస్తుంది. ఈ మీటరు మీద 3200 అని ఉంది. యూనిట్టుకు అన్నిసార్లు వెలుగుతుందన్నమాట. మీటరు పరీక్షించేవాళ్ల కోసం పెట్టిన ఆ లైటును మా బావ రాత్రి పంచలో కూర్చుని చూస్తుంటాడు. కారు మూడు కిలోవాట్లు లాగుతున్నప్పుడు నిమిషానికి 160 సార్లు వెలుగుతుంది, గుండె దడలాగా. 97 శాతం దాటేసరికి మందగిస్తుంది. బ్యాటరీ నిండుతుంటే కారే కరెంటు తగ్గించుకుంటుంది. తెల్లవారుజామున నేను లేచి చూసేసరికి ఎప్పుడో ఒకసారి మిణుకుమంటోంది, అంతే.

ఈ పనితనానికి పెద్ద వంశమే ఉంది. ఎడిసన్ రోజుల్లో కరెంటు వాడకాన్ని తూకం వేసేవారు. జింకు ద్రావణంలో రెండు జింకు పలకలు ముంచి, వాటిగుండా కరెంటులో కొంత పారనిచ్చి, నెల తర్వాత పలకల బరువు ఎంత మారిందో చూసి బిల్లు రాసేవారు. 1889లో హంగరీకి చెందిన ఓటో బ్లాతీ తిరిగే బిళ్ల మీటరు తెచ్చాడు. మన చిన్నప్పుడు గాజు వెనక మెల్లగా తిరిగిన అల్యూమినియం బిళ్ల దాని సంతతే. నాకు ఇప్పటికీ దానిమీదే ఎక్కువ ప్రేమ. దాన్ని తిప్పేదీ కరెంటే, అదుపు చేసేదీ పక్కనున్న అయస్కాంతం ఆ బిళ్లలోనే పుట్టించే కరెంటు. వేగం వాడకానికి సరిగ్గా తగినట్టు ఉంటుంది. ఏమీ వాడనప్పుడు కూడా మెల్లగా పాకే జబ్బు దానికుండేది. దానికి మందుగా బిళ్లకు రెండు చిన్న రంధ్రాలు పెట్టేవారు. రంధ్రం అయస్కాంత క్షేత్రం కిందికి రాగానే బిళ్ల ఆగిపోయేది. వాడని కరెంటుకు డబ్బు తీసుకోకూడదని ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన రంధ్రాలవి.

కారు సంగతికి వస్తే, ఈ ఊళ్లో ఎవరు బండి కొన్నా తిరుమలకు పోక తప్పదు. తిరుమల కొండ మీదికి 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులే తిరుగుతున్నాయి, కార్లకు భయమేముంది? తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1700 కిలోల కారును అంత ఎత్తుకు మోయడానికే మూడు యూనిట్లకు పైగా కావాలి, దారి ఖర్చు వేరే. దిగేటప్పుడు అందులో కొంత వెనక్కి వస్తుంది. మోటారే డైనమోగా మారి, బ్రేకులో వృథాగా పోయే శక్తిని బ్యాటరీలోకి నెడుతుంది. గోడ మీటరుకు ఈ సంగతి నేరుగా తెలియదు. ఆ రాత్రి తక్కువ పోయవలసి వస్తే, ఆ తగ్గుదలలోనే తెలుస్తుంది.

మా బావ పుస్తకంలో కొండకు పోయిన రోజుకు ఒక వరస ఉంది. తేదీ, కిలోమీటర్లు, కొండ దిగకముందు శాతం, దిగిన తర్వాత శాతం. రెండో అంకె మొదటిదానికంటే పెద్దది. పొరపాటున తారుమారు రాశాడని ఎవరైనా అనుకుంటారేమోనని పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు: "సరిగానే ఉంది. రెండుసార్లు చూసినా."