రేషన్ వెన్నతో రాజసం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ భోజనానికి ఎప్పుడు కూర్చుంటాడో ఆయనకే తెలియదు. మీటింగ్ తెమిలినప్పుడే భోజనం. ఓవెన్‌లోంచి తీసిన నిమిషాల్లో చల్లబడి కుంగిపోయే సూఫ్లేను, అంటే గుడ్డు నురగతో పొంగించిన వంటకాన్ని, అలాంటి మనిషికి, అది కూడా అతిథుల ఎదుట, పొంగు తగ్గకుండా వడ్డించాలంటే చేతిలో పనితనం ఒక్కటే సరిపోదు. వంటమనిషి జార్జీనా లాండమేర్‌కి ఆ ఇంటి నాడి తెలుసు. 1940 నుంచి 1954 దాకా ఆ వంటిల్లు ఆమెదే.

1882లో పుట్టిన పల్లెటూరి పిల్ల. చిన్న వయసులోనే పనికి కుదిరి, పెద్దిళ్ల వంటగదుల్లో అంట్లు తోమే మెట్టు నుంచి ఎదిగింది. భర్త పాల్ లాండమేర్ ఫ్రెంచి షెఫ్. ఇంగ్లీషు ఇంటివంటకి ఫ్రెంచి నాజూకు ఆ కాపురంలోనే అబ్బిందంటారు.

ఆమె గొప్పతనం తెలియాలంటే కాన్సొమే అనే తేట సూపు చూడాలి. చర్చిల్‌కి మీగడ కలిపిన చిక్కటి సూపులు గిట్టవు, తేటగా ఉండాలి. ఎముకలు, మాంసం సన్నటి సెగన గంటల తరబడి కాగాలి. చల్లారాక తేలిన కొవ్వు తీసేసి, గుడ్డు తెల్లసొన కలిపి మళ్లీ మెల్లగా వేడిచేస్తే, మడ్డి అంతా తెట్టులా పైకి కడుతుంది. దాన్ని చెదరగొట్టకుండా బట్టలో వడకట్టాలి. తెర్ల కాగిందా, అంతా మసక! తొందర పనికిరాని ఈ పనిని బాంబుల మోత మధ్య చేసిన చేయి అది.

పైగా రేషన్. 1940 జనవరిలో మొదలైనప్పుడు మనిషికి వారానికి వెన్న 113 గ్రాములే. ప్రధాని ఇంటికి సొంత తోట కూరగాయలు, విదేశీ అతిథుల కోసం అదనపు కూపన్లు ఉండేవి, కాదనలేం. కానీ కూపన్లు వంట చేయవుగా!

1940 అక్టోబర్ 14 రాత్రి. చర్చిల్‌కి ఏమనిపించిందో, భోజనం మధ్యలో లేచి, వంటమనిషిని, సహాయకురాలిని షెల్టర్‌లోకి వెళ్లమని గట్టిగా చెప్పాడు. మూడు నిమిషాలకే పక్కన బాంబు పడి, తళతళలాడే గిన్నెల వంటగది దుమ్ముకుప్ప అయింది.

ఆ చర్చిల్ ఏలుబడిలోనే 1943లో బెంగాల్‌లో లక్షలమంది తిండిలేక చచ్చిపోయారు. ఆ పాపంలో ఆయన మంత్రివర్గం వాటాను మనం మరవలేం. ఈ వ్యాసం మెచ్చుకునేది గరిట పట్టిన మనిషిని, తిన్న మనిషిని కాదు.

యుద్ధం ముగిసిన రోజున ఆయన ఆమె చేయి పట్టుకుని, నువ్వు లేకపోతే నావల్ల అయ్యేది కాదన్నాడట. 1958లో ఆమె వంటల పుస్తకం చర్చిల్ భార్య క్లెమెంటీన్ ముందుమాటతో వచ్చింది. తన జీవితకథ రాసుకున్న కాగితాలను మాత్రం చాలావరకు తానే తగలబెట్టేసింది. అంత పనిమంతురాలికి తన బతుకుకథ దాచదగ్గదని అనిపించకపోవడమే బాధ.

ఇప్పుడు ఆ పెద్దిళ్ల వంటగదులు లేవు, ఏళ్లతరబడి పక్కన నిలబెట్టి నేర్పే గురువులూ లేరు. రెడీమేడ్ సూపు క్యూబు వేడినీళ్లలో కరిగించి, కాన్సొమే అని పేరు పెట్టి బిల్లు వేసే హోటళ్లున్నాయి. అది సూపు కాదు, ఉప్పునీళ్ల మోసం! మన సంగతీ అంతే. నాయకుల జీవితచరిత్రలు అల్మారాలు నిండా ఉన్నాయి, వాళ్లకి వండిపెట్టినవాళ్ల పేరు ఎన్నింట్లో ఉంది? మీ ఊళ్లో పెద్దింట్లో వండిన ముసలమ్మో తాతో ఉంటే, ఈ వారమే వెళ్లి కూర్చోండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.