ఎండిన చెరువు బొమ్మలో చేపల జాడ

నిండిన చెరువులో చేప ఎక్కడుందో తెలియాలంటే ఆ చెరువు ఎండినప్పటి ఫొటో చూడాలి. కయాక్ మీద గాలం వేసేవాళ్లు ఉపగ్రహ చిత్రాలు వెతికేది ఇందుకే. అన్నోజిగూడలో ఇంట్లో కూర్చుని గూగుల్ ఎర్త్ తెరిస్తే ఘట్‌కేసర్ చుట్టుపక్కల చెరువుల కట్ట, మత్తడి కనిపిస్తాయి. వానాకాలం చిత్రమైతే అంతకుమించి ఏమీ చెప్పదు. లక్షద్వీప్ లాంటి తేట నీళ్లలో ఉపగ్రహానికి కొన్ని మీటర్ల లోతు దాకా అడుగు అందుతుంది. మన బురద నీళ్లలో జానెడు కూడా అందదు.

అందుకని పాత చిత్రాల్లోకి వెళ్లి, కరువు ఏడాది మే నెల పట్టుకోవాలి. శిఖం, అంటే చెరువు అడుగు నేల, బయటపడి ఉంటుంది. వాగు పాత దారి చుట్టూ ఉన్న నేలకన్నా ముదురుగా, వంకర్లు తిరుగుతూ కట్ట వైపు సాగుతుంది. నీళ్లు నిండాక లోతు అక్కడే, ఎండ ముదిరితే పెద్ద చేపలు దిగేదీ అక్కడికే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో జేసీబీ గుంతలు నలుచదరంగా తెలిసిపోతాయి. లోతు ఒక్కసారిగా మారే ఆ అంచులు గాలానికి మంచి చోట్లు. శిఖంలో మొలిచిన తుమ్మలు మునిగాక చేపలకు నీడ, మన దారానికి గండం.

ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు లోతుల పటమే గీసుకోవచ్చు. యూరప్‌వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు దాదాపు ఐదు రోజులకోసారి ఉచితంగా దొరుకుతాయి. మబ్బు లేని రోజులు ఏరుకుని, అక్టోబరు నుంచి మే దాకా నీటి అంచును గీస్తూ పోతే ఒక్కో గీత ఒక్కో లోతు. తూము దగ్గర నీటిమట్టం గుర్తులుంటే అడుగుల్లోనే లెక్క తేలుతుంది. చిత్రంలో ఒక్క చుక్క 10 మీటర్ల నేల కాబట్టి చిన్న కుంటలకు ఈ పద్ధతి దండగ.

ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో నీరు నల్లగా, గుర్రపుడెక్క ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు అంచులు కొర్రమీనుకు ఇష్టం. అది గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు, పిల్లల్ని కాసేదీ కలుపు చాటునే. పిల్లల గుంపుతో తిరిగేదాన్ని మాత్రం వదిలేయండి. మూసీ నీరు చేరే ఏదులాబాద్ చెరువు లాంటి చోట్ల పచ్చదనం మురుగు పెంచినది. అక్కడ పట్టిన చేపను తినే ఆలోచనే వద్దు.

ఉపగ్రహాలతో చేపల జాడ వెతికే పని సముద్రంలో ఎప్పటి నుంచో జరుగుతోంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంటూ, ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడిమి, క్లోరోఫిల్‌లను బట్టి చేపలు చేరగల చోట్లను తీర మత్స్యకారులకు చెబుతోంది. చెరువుకు అలాంటి కబురు ఎవరూ పంపరు.

పైగా నిన్న రాత్రి వల పడిందో లేదో ఏ ఉపగ్రహమూ చెప్పదు. చేపల హక్కు చాలాచోట్ల ముదిరాజ్, గంగపుత్రుల సహకార సంఘాలది. అనుమతి అడగడానికి వెళ్లినప్పుడే ఆ మే నెల బొమ్మ చూపించండి. థర్మకోల్ తెప్ప మీద వల వేసే మనిషి ఏ గుంత ఏ ఏడు తవ్వారో, ఏ తుమ్మ మొద్దుకు వలలు చిరుగుతున్నాయో చెబుతాడు. ఆ మొద్దుల్ని అప్పుడే మ్యాప్‌లో గుర్తుపెట్టుకోవాలి. నీళ్లొచ్చాక అవి కట్ట మీద నుంచి కనబడవు.