కాళ్లతో ఊపిరి, వేళ్లతో రాగం

బళ్లారి రాఘవ కళామందిరంలోనైనా, పల్లె జాతర పందిట్లోనైనా, తెల్లవార్లూ సాగే పద్యనాటకంలో చప్పట్లన్నీ నటుడికే. పక్కనున్న హార్మోనిస్టును చూసేదెవరు?

కాలు హార్మోనియం ఆయనది. పాదాలు తిత్తులు తొక్కుతుంటాయి కాబట్టి రెండు చేతులూ మెట్ల మీదే. పాత్రధారి మారితే శ్రుతీ మారొచ్చు. గొంతు విప్పగానే పట్టేయాలి. పద్యం నడుస్తున్నంతసేపూ గొంతు వెనకే ఉంటాడు. నటుడు ఊపిరి తీసుకునే క్షణంలో రాగాన్ని తానందుకుని, చెదరకుండా తిరిగి అప్పగిస్తాడు. గమకానికి లొంగని మెట్ల మీద మోహన పలికించడం మాటలా!

'వన్స్‌మోర్' కేక పడిందా, రాయబారం ఆగి అదే పద్యం మళ్లీ మొదలు. కౌరవులు కాచుకోవలసిందే.

బళ్లారి సరిహద్దు జిల్లా కదా, ఒక రాత్రి తెలుగులో 'శ్రీకృష్ణ రాయబారం', మరో రాత్రి కన్నడంలో 'రక్తరాత్రి'. పెట్టె అదే, వేళ్లూ అవే. ఈసారి నాటకానికి వెళితే ఆయనకూ చప్పట్లు కొట్టండి.