దూరసాక్షి, సహపరిష్కర్తలు: ఆండీ కార్విన్ గ్రంథంలో పాఠకుడి స్థానం

వార్తాసంస్థల్లో గత రెండు దశాబ్దాలలో ఏర్పడిన ఉద్యోగాలలో స్వరూపం ఇంకా స్థిరపడనిది సామాజిక మాధ్యమాల సంపాదకుడిది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2009లో జెన్నిఫర్ ప్రెస్టన్‌ను తన తొలి సోషల్ మీడియా ఎడిటర్‌గా నియమించి, మరుసటి ఏడాది చివరికే ఆ పదవిని తీసివేసింది. తరువాతి కాలంలో అదే పని ‘ఆడియన్స్ ఎంగేజ్‌మెంట్’ అన్న కొత్త పేరుతో తిరిగివచ్చింది. ఈ వృత్తికి మెలకువలు నేర్పే పుస్తకాలకు కొరత లేదు. వృత్తిలో ఉన్న వ్యక్తి తన దైనందిన కృషిని కథనంగా మలచిన రచనలు మాత్రం అరుదు. ఆండీ కార్విన్ 2013లో వెలువరించిన ‘డిస్టెంట్ విట్‌నెస్’ అటువంటిది.

కార్విన్ 2006లో అమెరికాలోని నేషనల్ పబ్లిక్ రేడియోలో చేరాడు. శ్రోతలతో సంస్థకు సామాజిక మాధ్యమాల ద్వారా సంబంధం పెంచడం అతని బాధ్యత. 2010 డిసెంబరులో ట్యునీసియాలో మొదలైన ప్రజాందోళన ఈజిప్టు, బహ్రెయిన్, లిబియా, యెమెన్, సిరియాలకు వ్యాపించగా, అతడు అమెరికాలోనే ఉండి ట్విట్టర్ మీద ఆ సంఘటనలను వెంబడించాడు. అతనికి అరబ్బీ రాదు. ఆ ప్రాంతపు బ్లాగు రచయితలతో అంతకుముందే ఉన్న పరిచయాలు, తనను అనుసరించే వేలాది పాఠకులు, ఇవే అతని సాధన సంపత్తి. గ్రంథనామంలోని ‘దూరసాక్షి’ అనే విరోధాభాస ఈ స్థితినుంచి పుట్టింది.

కార్విన్ కృషిని మెచ్చుకున్నవారు ఎక్కువగా వేగాన్ని మెచ్చుకున్నారు. గ్రంథాన్ని నిదానంగా చదివితే కనిపించేది వేగం కాదు, సంశయం. ఎవరైనా ఒక సమాచారం పంపగానే అతడు ఇచ్చే జవాబు తరచు ఒక్క మాటే: ఆధారం? తెలుగు పరిశోధకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. భిన్న ప్రతులను ఎదురెదురుగా పెట్టి, పాఠభేదాలు గుర్తించి, ప్రక్షిప్తాలను వేరుచేసే పరిష్కర్త పని ఇదే. తేడా ఏమంటే పరిష్కర్త ఏళ్ల తరబడి చేసేదాన్ని ఇక్కడ గంటల్లో, అందరి ఎదుటా చేయవలసి వచ్చింది.

2011 మార్చి నాటి మోర్టారు గుండు ఉదంతం ఇందుకు చక్కని నిదర్శనం. లిబియాలో దొరికిందంటూ ఒక గుండు ఛాయాచిత్రం ప్రచారంలోకి వచ్చింది. దానిమీద ఆరు కోణాల నక్షత్రం, దాని కింద నెలవంక వంటి గీత ఉన్నాయి. నక్షత్రాన్ని చూసి అది ఇజ్రాయెల్ ఆయుధమని చాలామంది తేల్చేశారు. కార్విన్ ఆ వార్తను ఖండించనూ లేదు, ప్రచారం చేయనూ లేదు. ఈ గుర్తుకు అర్థం ఏమిటని పాఠకులను అడిగాడు. సైనిక పరిజ్ఞానం ఉన్నవారు, పాత ఆయుధాల పుస్తకాలు తిరగేసినవారు కలిసి అది వెలుగునిచ్చే గుండు అని తేల్చారు. నక్షత్రం వెలుగుకు, నెలవంక పారాచూట్‌కు సంకేతాలు. ఒక లిపిచిహ్నాన్ని దాని సంప్రదాయంలో పెట్టి చదవకపోతే అర్థం ఎంతగా తలకిందులవుతుందో శాసన పరిశోధకులకు చెప్పనక్కరలేదు.

రెండవ ఉదంతం కర్తృత్వ వివాదం. డమాస్కస్ వాసినని చెప్పుకొన్న అమీనా అనే యువతి బ్లాగు 2011లో విశేష ఆదరణ పొందింది. జూన్ మొదటివారంలో ఆమెను అపహరించారన్న వార్త వచ్చి, విడుదల కోరుతూ ప్రచారం మొదలైంది. ఆమెను ముఖాముఖి కలిసినవారు ఎవరైనా ఉన్నారా అని కార్విన్ అడిగాడు. ఒక్కరూ ముందుకు రాలేదు. కొద్దిరోజులకే ఆ రచనల కర్త ఎడిన్‌బరోలో చదువుకుంటున్న అమెరికన్ పురుషుడని బయటపడింది. గుట్టు విప్పిన ఘనత కార్విన్ ఒక్కడిది కాదు, ఇతర విలేకరులదీ పెద్ద భాగమే. కాని సానుభూతి ఉప్పొంగుతున్న వేళ ఆ ప్రశ్న వేయడానికి కావలసిన నిబ్బరం గమనించదగినది. బాధితురాలు నిజంగానే ఉండి ఉంటే ఆ ప్రశ్న క్రూరమయ్యేది.

తప్పుడు పాఠాన్ని ఏం చేయాలన్న విషయంలోనూ అతడు పరిష్కర్త మార్గమే పట్టాడు. 2011 జనవరి 8న టూసాన్ కాల్పుల్లో కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మరణించారని అతని సంస్థ పొరపాటున ప్రకటించింది. ఆ ట్వీటును తొలగించకుండా సవరణను దాని తరువాత చేర్చారు. తిరస్కృత పాఠాన్ని అధోజ్ఞాపికలో నిలిపి ఉంచడం వంటిదే ఇది.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. గ్రంథం దాన్ని తగినంతగా చర్చించలేదు. ప్రశ్న ఇంగ్లీషులో పుట్టింది. అరబ్బీ మాత్రమే తెలిసిన ప్రత్యక్షసాక్షి మాట రెండు భాషలూ తెలిసినవారి చేతుల మీదుగానే కార్విన్‌ను చేరింది. అంటే సాక్ష్యానికి ముందే ఒక చదువుకున్న వర్గపు వడపోత ఉన్నది. అంతర్జాతీయ వార్తాసంస్థలు ప్రాంతీయ భాషల్లోకి రావడాన్ని ఈ కోణంలోనూ చూడాలి. బి.బి.సి. 2017 అక్టోబరు 2న తెలుగు, మరాఠీ, గుజరాతీ, పంజాబీ సేవలను ప్రారంభించింది. ‘ఈ ఫోటో ఎక్కడిది?’ అని తెలుగులోనే అడగగలిగినప్పుడు జవాబిచ్చేవాడికి ఇంగ్లీషు అక్కరలేదు. ఆ అవకాశం వాడుకలోకి రావడం వృత్తి తనను తాను ఎలా నిర్వచించుకుంటుందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. తెలుగు వాడుకలో ఎంగేజ్‌మెంట్ అంటే నిశ్చితార్థం. వార్తాసంస్థల పరిభాషలో మాత్రం అది లైకులు, షేర్లు, వ్యాఖ్యల మొత్తం. నమ్మి పంచుకున్నవాడూ, ‘ఇది నిజమేనా?’ అని అడుగుతూ పంచుకున్నవాడూ ఆ లెక్కలో సమానులే. కార్విన్ పాఠకుల్లో విలువైనవారు రెండవ తెగవారు.

అనువాదకుల ప్రస్తావన శ్రమ విషయాన్ని కూడా ముందుకు తెస్తుంది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను, కావ్యాలను పరిష్కరించినప్పుడు ప్రతులు సరిచూసింది జూలూరి అప్పయ్య వంటి పండితులు. బ్రౌన్ వారికి సొంత సొమ్ముతో జీతాలిచ్చాడు. అయినా లోకానికి నిలిచిన పేరు ప్రధానంగా బ్రౌన్‌దే. కార్విన్ పాఠకులకు జీతం లేదు. అతడు వారి ట్వీట్లను వారి ఖాతా పేర్లతోనే ఉటంకించాడు గనుక పేరు దాచాడనడానికి వీల్లేదు. కాని ఆ పేర్లలో అనేకం మారుపేర్లు. 2014లో కార్విన్ ఫస్ట్ లుక్ మీడియాకు మారి, ఇదే పద్ధతిని ‘రిపోర్టెడ్.లీ’ అనే జీతమిచ్చే బృందంగా నిర్మించాడు. 2016లో సంస్థ నిధులు ఆపివేసింది. లిబియా, సిరియాల్లోని సహకారుల విషయంలో పరిశోధకుడికి అప్పయ్య గారి విషయంలో లేని చిక్కు ఒకటి మిగిలింది: వారి అసలు పేర్లు వెలికితీయడం వారికి న్యాయం చేయడమూ కావచ్చు, ప్రాణాపాయం తెచ్చిపెట్టడమూ కావచ్చు.